దీపం ఇల్లు మారే ఊరు

ఆ మలుపు దగ్గర బండి ఆపకూడదని మా దారిన తిరిగే డ్రైవర్లందరికీ తెలుసు. టైరు పంక్చరైనా సరే, వంతెన దాకా ఈడ్చుకుంటూ వెళ్లి అక్కడ మార్చుకోవాల్సిందే.

మలుపు పక్కనే ఊరు. డెబ్బై గడపల దాకా ఉంటాయి. మనిషన్నవాడు లేడు. యుద్ధంలో ఒక్క మధ్యాహ్నం ఖాళీ అయిపోయిన ఊరది. యుద్ధం ఆగిపోయి ఏళ్లయింది గానీ, వెళ్లినవాళ్లు మళ్లీ రాలేదు.

ఖాళీ ఊళ్లు ఇంకా చాలా ఉన్నాయి, వాటిని చూసి ఎవరూ భయపడరు. కానీ ఈ ఊళ్లో... పొద్దు వాలాక దీపం వెలుగుతుంది.

ఒకే ఒక్క దీపం. ఇవాళ కమ్మరి ఇంట్లో కనిపిస్తే, రేపు ఆ పక్కింట్లో. ఎల్లుండి దాని పక్కింట్లో. ఒక్క గడప కూడా వదలకుండా, వరసగా — ఎవరో ఇంటింటికీ తిరిగి మనుషుల్ని వెతుకుతున్నట్టు.

తలుపులు, దూలాలు ఊడదీసి అమ్ముకుందామని ఓసారి ఒక ముఠా లారీ వేసుకుని వెళ్లింది. తలుపులు వాటంతటవే మూసుకున్నాయట. అటక మీంచి ఎవరో మెల్లగా "వచ్చారా..." అన్నారట. "ఎన్నాళ్లకి వచ్చారు..." అన్నారట. వాళ్లు చెప్పులు కూడా అక్కడే వదిలేసి వచ్చారు. లారీ తెచ్చుకోవడానికి మర్నాడు మిట్టమధ్యాహ్నం వెళ్లారు, అదీ పదిమందిని వెంటేసుకుని.

నేను చెప్పేది మా పెద్దమ్మకి జరిగింది. ఆమె మంత్రసాని. అబద్ధాలాడే మనిషి కాదు — ఆడినా పురిటి మంచం దగ్గరే, "అయిపోయిందే తల్లీ, ఇదే ఆఖరి నొప్పి" అని.

* * *

ఆ ఊరు దెయ్యాల ఊరు కాకముందు పెద్దమ్మకి రెండో ఇల్లు లాంటిది.

కొండరాయి కొట్టడానికి వచ్చిన నాలుగైదు కుటుంబాలతో మొదలైందట. రాయి కొట్టాలంటే సుత్తులు కావాలి కాబట్టి కమ్మరి వచ్చాడు. ఇంతమందికి తిండి కావాలి కాబట్టి పిండిమిల్లు వచ్చింది. బట్టలు చిరుగుతాయి కాబట్టి టైలరు వచ్చాడు. పిల్లలు పుట్టారు కాబట్టి బడి వచ్చింది. "ఆ పిల్లల్ని బయటికి లాగడానికి నేనొచ్చాను" అనేది పెద్దమ్మ. ఆ ఊళ్లో పాతికేళ్లలోపు వాళ్లందరికీ ఈ లోకంలో మొదట తగిలింది ఆమె చెయ్యే.

తర్వాత యుద్ధం. కొండకి అటు ఒక సైన్యం, ఇటు ఒక సైన్యం. మొదట ఒకళ్లొచ్చి ధాన్యం పట్టుకెళ్లారు. ఆ తర్వాత రెండోవాళ్లొచ్చి, వాళ్లకెందుకు పెట్టారని కొట్టారు. చివరికి ఒకరోజు భోజనాల వేళ జీపొకటి మైకు పెట్టుకుని వీధులన్నీ తిరిగింది — చీకటి పడేలోగా ఊరు వదలండి, ఫిరంగులు మొదలవుతాయి.

పొయ్యి మీద ఎసరు మరుగుతుండగానే లేచి వెళ్లినవాళ్లున్నారు. నెత్తిన మూట, చంకన పిల్ల. ఏటికి ఇవతల మా పట్నంలోని పాత గోడౌన్లలో గోనెపట్టాలు అడ్డం కట్టుకుని కాపురాలు పెట్టారు. వారం అనుకున్నారు. తర్వాత నెల అనుకున్నారు. అట్లా పన్నెండేళ్ల పైమాట అయింది. ముసలివాళ్లు ఆ గోనెపట్టాల మధ్యే పోయారు. కుర్రవాళ్లు పనులు వెతుక్కుంటూ ఎటో వెళ్లిపోయారు. తిరిగి వెళ్దామని ఎవరైనా అంటే, పక్కవాళ్లు దీపం సంగతి చెప్పేవారు. దాంతో నోరు మూతపడేది.

* * *

ఇక ఆ రాత్రి సంగతి.

గోడౌన్లో టైలరు కూతురికి నొప్పులొచ్చాయి. తొలి కాన్పు. తల్లి చిన్నప్పుడే పోయింది, తండ్రి కూడా ఈ మధ్యనే పోయాడు. మొగుడు కూరగాయల వ్యాను నడుపుతాడు. మంచివాడే కానీ, కంగారు మనిషి.

పెద్దమ్మ ఆ పిల్ల పొట్ట మీద చెయ్యి వేసి చూసింది. మళ్లీ చూసింది.

"ఎదురుకాళ్లు" అంది మొగుణ్ని పక్కకి పిలిచి. "ఇక్కడ వద్దు నాయనా. పెద్దాసుపత్రికి పోదాం. వ్యాను తియ్యి."

ఆసుపత్రి కొండకి అవతల ఉంది. వేరే దారి లేదు. ఆ మలుపు మీంచే పోవాలి.

వాన అప్పుడే మొదలైంది. వ్యాను వెనకాల ఖాళీ గోనెసంచుల మీద టైలరు కూతుర్ని పడుకోబెట్టి, తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది పెద్దమ్మ. మలుపు దగ్గరకి వచ్చేసరికి బండి జారింది... ఆగింది. కొండచరియ విరిగి రోడ్డంతా మట్టి. ముందు చక్రాలు సగం దాకా దిగబడిపోయాయి. వెనక్కీ రాదు, ముందుకీ పోదు.

"రాళ్ల క్వారీ దగ్గర ట్రాక్టరుంది" అన్నాడు మొగుడు, పళ్లు టకటకలాడుతుంటే. "నడిచి వెళ్లి తెస్తాను. మీరు బండిలోనే ఉండండి. ఆ వైపు మాత్రం చూడకండి అత్తమ్మా."

వాడు చీకట్లో కలిసిపోయాడు.

వ్యాను పైన కట్టిన పట్టా చిల్లులు పడి ఉంది. నీళ్లు ధారగా కారుతున్నాయి. పిల్ల ఒళ్లు వణికిపోతోంది. నొప్పులు దగ్గర పడుతున్నాయి. తెల్లారేదాకా ఆగే కాన్పు కాదని పెద్దమ్మకి అర్థమైపోయింది. ఆ తడిలో, ఆ చలిలో బిడ్డ బయటికొస్తే... బతకదు.

"పెద్దమ్మా... ఇది మా ఊరే కదా?" అంది పిల్ల.

పెద్దమ్మ సంచిలోంచి టార్చి తీసింది.

"నా ఊరు నన్నేం చేస్తుంది? పద పెద్దమ్మా."

* * *

ఒక చేత్తో టార్చిలైటు, ఒక చేత్తో పిల్ల నడుము. రోడ్డు దిగగానే మొదటి ఇల్లు కమ్మరిది. తలుపు తోస్తే కిర్రుమనకుండా తెరుచుకుంది. అన్నేళ్లుగా ఎవరూ ముట్టని తలుపు చప్పుడు చెయ్యకపోవడమేమిటని పెద్దమ్మకి అప్పుడు తట్టలేదు.

లోపల నేల ఊడ్చి ఉంది.

పిల్లని గోడకి ఆనించి కూర్చోబెట్టి, నిప్పు రాజేద్దామని పొయ్యిలో చెయ్యి పెట్టింది. బూడిద... వెచ్చగా ఉంది.

చెయ్యి వెనక్కి లాక్కుంది. టార్చి ఆ మూలకీ ఈ మూలకీ తిప్పింది. ఎవరూ లేరు. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

అప్పుడు చీకట్లోంచి — కిటికీ బయటినుంచో, గోడ లోపలినుంచో — గుసగుసగా...

"అక్కా... ఈ ఇల్లొద్దు. కురుస్తుంది."

సరిగ్గా అప్పుడే పైనుంచి నీటిబొట్టొకటి ఆమె చెంప మీద పడింది.

"ఎవరది?" అంది, ఎట్లాగో గొంతు పెగల్చుకుని.

తర్వాత కొంచెం దూరం నుంచి —

"టైలరు ఇంటికి పదండి. నిప్పు వేశాను. కుడివైపు నడవద్దు... బావి కూలింది."

పిల్ల గోడ పట్టుకుని లేచి నిలబడింది. టైలరు ఇల్లంటే అది పుట్టిన ఇల్లు.

"నాన్న" అంది పిల్ల. ఆ ముఖంలో భయం లేదట. "నాన్నే పిలుస్తున్నాడు పెద్దమ్మా."

ఆ నాన్న కళ్లు మూసిన చెయ్యి పెద్దమ్మదే.

సందు వెంట నడిచారు. టార్చి వెలుగులో కుడివైపు ఒక్కసారి చూసింది పెద్దమ్మ. బావి గోడ లేదు. నేలకి సమానంగా నోరు తెరుచుకుని నల్లటి నీళ్లు. అటు ఇంకో అడుగు వేసి ఉంటే చాలు, ముగ్గురూ పోయేవాళ్లు — కడుపులో బిడ్డతో కలిపి.

* * *

టైలరు ఇంటి తలుపు బార్లా తీసి ఉంది. పొయ్యి మండుతోంది. కుండలో నీళ్లు పొగలు కక్కుతున్నాయి. చాప పరిచి ఉంది, దాని మీద మడత పెట్టిన పాత దుప్పటి. గూట్లో దీపం.

మనిషి లేడు.

నేల మీద మాత్రం తడి అడుగులు... గుమ్మంలోంచి పొయ్యి దాకా. లోపలికి వచ్చినవే. బయటికి వెళ్లినవి లేవు.

"నేను దేవుళ్లందరికీ ఒక్కసారే దండం పెట్టుకుని, అందరినీ పక్కన పెట్టేశాను" అని చెప్పేది పెద్దమ్మ. "ఒకవైపు దెయ్యం, ఒకవైపు బిడ్డ. దెయ్యం ఆగుతుంది. బిడ్డ ఆగదుగా?"

పిల్లని పడుకోబెట్టింది. సంచి విప్పి చూసుకుంటే కత్తెర లేదు. వ్యాన్లోనో, దార్లోనో పడిపోయింది.

"అయ్యో... కత్తెర..." అంది పైకే.

గుమ్మం బయట గరగరమని చప్పుడు. కాసేపటికి ఒక చెయ్యి — చెయ్యి మాత్రమే — గడప మీద ఏదో పెట్టి చీకట్లోకి వెళ్లిపోయింది. నూనెగుడ్డలో చుట్టిన కత్తెర. టైలరు వాడిన పెద్ద కత్తెర. మచ్చుకైనా తుప్పు లేదు.

పెద్దమ్మ దాన్ని మరిగే నీళ్లలో వేసింది. తలెత్తకుండానే అంది:

"ఇంకో దుప్పటి కావాలి. పొడిది."

దుప్పటి వచ్చింది.

"కట్టెలు."

కట్టెలొచ్చాయి.

అట్లా రాత్రంతా... అడగడం, రావడం. ఒక్కసారి కూడా ముఖం కనబడలేదు.

కాళ్లు ముందొచ్చాయి. తర్వాత నడుము. ఎదురుకాళ్ల కాన్పులో తొందరపడి లాగితే తల ఇరుక్కుంటుంది. చేతులు కట్టుకుని ఆగడమే అసలు పని, అదే కష్టం. పెద్దమ్మ పొడిగుడ్డ చుట్టి బిడ్డని కింద నుంచి పట్టుకుని ఆగింది. భుజాలొచ్చాయి. మెడ వెనక వెంట్రుకలు కనబడ్డాయి. అప్పుడు కాళ్లు పట్టి మెల్లగా పైకెత్తింది...

బిడ్డ వచ్చింది. ఆడపిల్ల.

ఏడుపు లేదు.

నోట్లో వేలు పెట్టి తుడిచింది. వీపు రుద్దింది. అరికాళ్లు తట్టింది. నీలం తిరిగిన ఒళ్లు... కదలదు.

పిల్ల అడగడం లేదు. కళ్లు మాత్రం పెద్దమ్మ చేతుల మీదే ఉన్నాయి.

బిడ్డ ముఖం మీద నోరు ఆనించి మెల్లగా ఊదింది పెద్దమ్మ. మళ్లీ ఊదింది. మళ్లీ వీపు రుద్దింది.

"ఏడవ్వే... తిట్టవే నన్ను... ఏడవ్వే తల్లీ..."

ముక్కులోంచి చిన్న బుడగ. దగ్గు. ఆ తర్వాత ఏడుపు — ఊరంతా వినబడేట్టు. ఆ ఊళ్లో పన్నెండేళ్ల తర్వాత ఒక పసిబిడ్డ ఏడ్చింది.

ఆ వెంటనే అరుగు మీద ఇంకో ఏడుపు.

మగగొంతు. నోట్లో గుడ్డ కుక్కుకున్నా ఆగని ఏడుపు. మరుక్షణంలో గట్టిగా ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"దెయ్యాలు ఏడుస్తాయని విన్నాను గానీ, చీదుతాయని ఎక్కడా వినలేదే!" అని ఇక్కడ నవ్వేది పెద్దమ్మ. అప్పుడు మాత్రం నవ్వలేదు. టైలరు కత్తెరతో బొడ్డు కోసి, బిడ్డని తల్లి గుండెల మీద పెట్టి, గూట్లో దీపం తీసుకుని అరుగు మీదికి వచ్చింది.

స్తంభం పక్కన ముడుచుకుని కూర్చున్నాడు. గడ్డం రొమ్ము దాకా పెరిగింది. ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. దీపం దగ్గర పెట్టి చూసి... పెద్దమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

పిల్లిగాడు.

* * *

పిల్లిగాడు ఆ ఊరి దొంగ. అడుగుల చప్పుడు వినబడదని ఆ పేరు. చిన్న చిన్న దొంగతనాలు... చెంబు, ఆరేసిన చొక్కా, సంచెడు పిండి. వాడికెవరూ లేరు. ఊరు వదిలిన రోజు పొద్దున్నే మిల్లాయన ఇంట్లో గోడగడియారం కొట్టేసి చొక్కాలో దాచుకున్నాడు. వీధి మధ్యలోకి వచ్చేసరికి అది పొట్ట దగ్గర టంగుటంగుమని గంటలు కొట్టింది. ఊరంతా పడి పడి నవ్వారు. మిల్లాయన మాత్రం నవ్వలేదు. వాణ్ని మెడ పట్టుకుని తీసుకెళ్లి మిల్లులో పెట్టి తాళం వేశాడు — సాయంత్రం వచ్చి నీ సంగతి తేలుస్తానని.

మధ్యాహ్నం జీపు వచ్చింది. ఆ హడావుడిలో మిల్లులో ఉన్నవాడు ఎవరికీ గుర్తులేడు. పొద్దు వాలే వేళ మొదటి ఫిరంగి గుళ్లకే మిల్లు తగలబడింది. దారిలోని మిట్ట మీంచి మంటలు చూసినవాళ్లున్నారు. పిల్లిగాడు అందులోనే కాలిపోయాడని ఊరందరికీ తెలుసు.

ఇప్పుడు వాడు పెద్దమ్మ ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

పెద్దమ్మకి పాత అలవాటు పోదు కదా — చెయ్యి చాచి వాడి మణికట్టు పట్టుకుంది. వేలు పెట్టి చూసింది.

నాడి కొట్టుకుంటోంది.

"బతికే ఉన్నావా వెధవా..." అంది. అని, అక్కడే కూలబడిపోయింది.

"తాళం నాకొక లెక్కా అక్కా" అన్నాడు పిల్లిగాడు తల వంచుకుని. "వేసిన కాసేపటికే బయటపడ్డాను. పిండి జారే గొట్టం దగ్గర పలక వదులుగా ఉంటుంది. కొండెక్కి రాళ్ల మధ్య పడుకున్నా. లేచి చూసేసరికి ఊళ్లో ఎవరూ లేరు."

"మరి ఎటైనా పోలేకపోయావా?"

"ఎటు పోను?"

మాట్లాడడం మర్చిపోయినవాడిలా ఒక్కో మాటా వెతుక్కుంటూ చెప్పాడట. మంట ముట్టని ఇల్లు కూలిపోతుంది, పొగ తగలకపోతే పైకప్పుకి చెదలు పడతాయి. అందుకని రాత్రికో ఇంట్లో పొయ్యి వెలిగించి, ఊడ్చి, అక్కడే పడుకుంటాడు. ఒక చుట్టు తిరిగేసరికి రెండు నెలలు పైనే పడుతుంది. మళ్లీ మొదటి ఇంటి నుంచి మొదలు. పెరళ్లలో గుమ్మడికాయలు, చిక్కుళ్లు పండించుకుంటాడు. మనుషులెవరైనా కనిపిస్తే దాక్కుంటాడు. ఈ ఊళ్లో దొరికినప్పుడల్లా తన్నులే తిన్నవాడు కదా. ఈ రాత్రి మాత్రం వ్యాను దగ్గర పిల్ల మూలుగులు విని ఉండలేకపోయాడట.

"లారీలో వచ్చినవాళ్లని అట్లా తరిమింది నువ్వేనా?"

"దొంగవెధవలు అక్కా" అన్నాడు కోపంగా. "మనూళ్లో తలుపులు ఎత్తుకుపోదామని వచ్చారు."

పెద్దమ్మకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "అడుగులు లోపలికే ఉన్నాయేమిట్రా? బయటికి లేవే?"

"కిటికీలోంచి దూకాను. వాకిలి నాకు అలవాటు లేదు."

వాన తగ్గింది. లోపల బిడ్డ చప్పరిస్తున్న చప్పుడు.

"కమ్మరి మామ ఎట్లా ఉన్నాడక్కా?" అన్నాడు ఉన్నట్టుండి.

"పోయాడురా. రెండో ఏడే."

వాడు తలూపాడు. "నిన్న పడుకుంది వాళ్లింట్లోనే. కురిసే చోట పలక వేద్దామనుకున్నా... మామొస్తే తిడతాడని."

పెద్దమ్మ దీపం వత్తి పైకి లాగింది.

"రాళ్లు కొట్టే అన్నదమ్ములు?"

"పెద్దాడు పోయాడు. చిన్నాడు ఎక్కడున్నాడో తెలీదు."

"పంతులుగారు?"

పెద్దమ్మ నోరు తెరిచి, వాడి ముఖం చూసింది. ఒక్కో జవాబుకీ వాడి భుజాలు కొంచెం కొంచెం కిందికి జారుతున్నాయి. ఇన్నేళ్లూ ఎవరి కోసం ఊడ్చాడో ఆ ఇళ్లు ఒక్కొక్కటే ఇప్పుడు వాడి చేతిలోంచి జారిపోతున్నాయి.

"బాగున్నాడురా" అంది పెద్దమ్మ. పంతులుగారు పోయి చాలా కాలమైంది. "పిల్లలు పెద్దవాళ్లయ్యారు. మా బడి ఎట్లా ఉందో అని ఎప్పుడూ అంటుంటాడు."

"నల్లబల్లకి బొగ్గు రాస్తూనే ఉన్నా. చెప్పు ఆయనకి."

"చెప్తాను."

అట్లా అడుగుతూ పోయాడు. అట్లా అబద్ధం చెబుతూ పోయింది. ఫలానా ముసలమ్మ బాగుంది. ఫలానావాళ్లు వచ్చే ఏడు వచ్చేద్దామనుకుంటున్నారు. తన పిల్లలు ఎక్కడెక్కడ ఎట్లా బతుకుతున్నారో వింటున్న తండ్రిలా విన్నాడట వాడు. కానీ ఒక్క ఇంటి గురించి మాత్రం అడగలేదు.

చివరికి పెద్దమ్మే ఎత్తింది. "మిల్లాయన గురించి అడగవేంరా?"

వాడు బిగుసుకుపోయాడు.

"ఆయన మీద కోపం పెట్టుకోకురా" అంది పెద్దమ్మ. "నిన్ను మర్చిపోలేదు. అందరితో కలిసి మిట్ట దాకా వచ్చాడట. అక్కడ జేబులో మిల్లు తాళంచెవి చేతికి తగిలి ఆగిపోయాడట. 'అయ్యో, ఆ వెధవ లోపలున్నాడు' అని వెనక్కి పరిగెత్తాడట. పెళ్లాం చెయ్యి పట్టుకుని ఆపినా ఆగలేదు. ఆ తర్వాత ఫిరంగులు మొదలయ్యాయి. ఏమయ్యాడో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. ఆవిడ ఇంకా ఎదురుచూస్తూనే ఉంది... ఎక్కడో జైల్లో ఉండుంటాడు, వస్తాడు అని."

పిల్లిగాడు దీపం వంకే చూస్తూ గుసగుసగా అన్నాడు:

"తెలుసక్కా."

"ఏం తెలుసు?"

"వచ్చాడు. నేను రాళ్ల వెనకాల ఉన్నా. మిల్లు అప్పటికే అంటుకుంది. ఆయన తలుపు దగ్గర నిలబడి... 'ఒరేయ్ పిల్లీ, ఒరేయ్ పిల్లీ' అని అరుస్తున్నాడు. తాళం కాలి ఎర్రగా ఉంది. చొక్కా విప్పి చేతికి చుట్టుకుని తిప్పుతున్నాడు..."

రెండో చేత్తో గడ్డం పట్టుకుని మెలిపెట్టాడు.

"కొట్టడానికి వచ్చాడనుకున్నానక్కా. గడియారం కోసం. అందుకని... పలకలేదు. ఒక్క మాట పలికి ఉంటే పరిగెత్తుకొచ్చేసేవాడు. నేను నోరు మూసుకుని కూర్చున్నా. అప్పుడు రెండో గుండు పడింది."

ఇదీ ఆ ఊరిని పట్టిన దెయ్యం. పెద్దమ్మ వాడి మణికట్టు ఇంకా వదల్లేదట. అట్లాగే పట్టుకుని కూర్చుందట.

* * *

తెల్లవారుతుండగా ట్రాక్టరు చప్పుడు వినిపించింది. పెద్దమ్మ తల తిప్పి చూసేసరికి స్తంభం పక్కన ఎవరూ లేరు. మొగుడు ఏడుస్తూ, అరుస్తూ సందులో పరిగెత్తుకొచ్చాడు. తల్లీ బిడ్డా క్షేమంగా ఉన్నారని చూసి, టైలరు ఇంటి గడప మీదే చతికిలబడ్డాడు.

"ఎవరు సాయం చేశారత్తమ్మా?" అంటే, "ఊళ్లో వాళ్లే" అంది పెద్దమ్మ. వాడు మళ్లీ అడగలేదు. తిరిగి వెళ్లేటప్పుడు మాత్రం ట్రాక్టరు మీద కళ్లు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు.

పెద్దమ్మకి తర్వాత వారం రోజులు అన్నం సయించలేదు. మిల్లాయన పెళ్లానికి చెప్పాలా వద్దా? చెబితే ఆవిడ ఆశ పోతుంది. చెప్పకపోతే ఆవిడ బతుకంతా గోడౌను గుమ్మంలోనే గడిచిపోతుంది. చివరికి ఒకరోజు వెళ్లి పక్కన కూర్చుని, వాడు ఆయన్ని అక్కడే పూడ్చాడన్నదీ కలిపి ఉన్నదున్నట్టు చెప్పేసింది. పిల్లిగాడు పలకలేదన్న మాట ఒక్కటి మింగేసింది.

ఆవిడ ఏడవలేదు. లేచి చీర మార్చుకుంది. "ఎక్కడో చూపించు" అంది.

పగటిపూటే వెళ్లారు. ఎండ బాగా కాస్తోంది. కాలిపోయిన మిల్లు గోడల వెనక, కొండవాలులో ఒక మట్టిదిబ్బ. చుట్టూ రాళ్లు పేర్చి ఉన్నాయి. ఒక్క గడ్డిపోచ లేదు.

పెద్దమ్మ పిలిస్తే చాలాసేపటికి గానీ రాలేదు వాడు. వచ్చి దూరంగా నిలబడ్డాడు, చేతులు ముందు కట్టుకుని. ఆవిడ దిబ్బ పక్కన కూర్చుని మట్టి మీద అరచెయ్యి ఆనించి ఉంది. వాడివైపు చూడలేదు.

"అత్తా" అన్నాడు వాడు. "ఆయన పిలిచాడు. నేను పలకలేదు. వినబడింది... అయినా పలకలేదు."

పెద్దమ్మ దాచిందంతా వాడే చెప్పేశాడు. చెప్పి, తల వంచాడు. దెబ్బ కోసం ఆగినట్టు ఆగాడు.

గాలి కూడా వీచడం లేదట అప్పుడు.

ఆవిడ తలెత్తింది. మిల్లు తలుపున్న చోటు వైపు చూసింది. అక్కడి నుంచి ఆ దిబ్బ దాకా ఉన్న ఏటవాలు దారంతా చూసింది. తర్వాత వాణ్ని చూసింది — ఆ సన్నటి చేతులు, ఎముకలు తేలిన భుజాలు.

"ఇక్కడిదాకా నువ్వే మోశావా?"

"ఆఁ అత్తా."

"ఒక్కడివేనా?"

తలూపాడు.

"బరువు మనిషి కదరా..." అంది ఆవిడ. "ఒక్కడివే ఎట్లా మోశావురా, నాయనా?"